రాగితీగ తాడు

మన దీప్తి బాపూ, ఆలేరు అక్క దగ్గరికి పోతున్న, పొద్దుమీకి వస్త. పప్పుచారు వేడి చేసుకొని తిను. ఫ్యాన్ వేయకు, దుమ్ము లేస్తది, బొమ్మ బండి రంగు ఇంకా ఆరలే.

మిలిట్రీల ఉన్నప్పుడు యుద్ధంల నువ్వు నడిపిన బండి, దిగబడ్డ ట్యాంకులను గుంజే బండి, బొమ్మ అచ్చం గట్లనే వచ్చింది. దానికోసం నా రేకు డబ్బాలన్నీ కోసినవు, ఏమన్లే.

కానీ నిన్న మా మరిది మల్లేష్‌తోని "అంత నేనొక్కన్నే చేసిన" అన్నవు. గుంజెతందుకు బండికి నువ్వు కట్టిన దారం తాడు తెగుతనే ఉండె. కాలిన బోరు మోటర్ల రాగితీగ తీసి, దీపం ఒత్తుల లెక్క పిక్క మీద పేనింది నేను. గా తాడుతోని నిండు కుక్కర్ లేపి చూసినవు, తెగిందా?

రేపు స్కూలు పిల్లలకు చూపిచ్చేటప్పుడు తాడు ఎవరు పేనిన్రో చెప్పు.

తాడుకు మాత్రం రంగు వేయకు. రాగి కనపడాలె.