కరువొచ్చి ధనవంతులమైన టాలో కౌంటీ విషయమై

గౌరవనీయులైన రాష్ట్ర గృహాదాయ అంచనాల అధికారి గారి సముఖమునకు,

పశ్చిమ నెబ్రాస్కా, టాలో కౌంటీ, ఉన్నత పాఠశాల పదకొండవ తరగతి విద్యార్థిని టెస్సా కుబిచెక్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా కౌంటీ మధ్యస్థ గృహాదాయం డెబ్బై ఒక్క వేల డాలర్లుగా అంచనా వేయబడి, తత్కారణంగా పుస్తకాల బస్సు ఆగిపోనుండుట గురించి.

1. ఇళ్ళన్నిటినీ తక్కువ ఆదాయం నుంచి ఎక్కువ ఆదాయం దాకా వరుసగా నిలబెడితే నట్టనడుమ వచ్చే ఇంటి ఆదాయమే మధ్యస్థమని నిఘంటువులో చదివాను. ఇంత నిష్పాక్షికమైన మాట నేను ఇదివరకు ఎరుగను. ఆ నిఘంటువు పన్నెండు సంపుటాలు. గ్రంథాలయం వారి పుస్తకాల బస్సు రెండు వారాలకొక గురువారం వస్తుంది, వచ్చినప్పుడు ఒక్క సంపుటమే అరువిస్తారు. నేను ఏడో సంపుటంలో ఉన్నాను. మధ్యస్థం నలభై అయిదు వేలు దాటిన కౌంటీకి బస్సు గ్రాంటు లేదు గనుక వచ్చే నెల నుంచి బస్సు రాదని నోటీసు అంటించారు.

2. ఇక్కడివారికి ఏడాదికి ఒక్కటే చెక్కు, శరదృతువులో దూడలు అమ్మినప్పుడు. ఈ ఏడు వాన లేదు, గడ్డి లేదు. దూడలతోపాటు తల్లి ఆవులనూ అమ్ముకున్నాం. కాబట్టి చెక్కు పెద్దదైంది. తమరు పంపిన ఆదాయం ఫారంలో అందరూ ఆ చెక్కు అంకెనే వేశారు. 'ఖర్చులు పోగా' అని ఫారంలో ఉన్నమాట నిజమే. మా నాన్నగారిని అడిగితే, "వచ్చింది ఎంతని అడిగారు, రాశాను. పోయింది రాయాలంటే అంత చిన్న గడి చాలదమ్మా" అన్నారు. గడ్డి ఉన్నన్నాళ్ళూ పేదవాళ్ళం, గడ్డి పోయాక ధనవంతులమయ్యాం అని దీని సారాంశం.

3. కావున సరైన మధ్యస్థం తేల్చుటకై గత ఆదివారం చర్చి అయ్యాక, కౌంటీలోని నూట పదమూడు ఇళ్ళ నుంచి ఇంటికొకరిని కంకర రోడ్డు మీద నిలబెట్టాను. అంకె బయటికి చెప్పనక్కర లేదు, ఖర్చులు పోగా మిగిలింది పక్కవారి చెవిలో చెప్పి అటో ఇటో జరిగితే చాలునన్నాను. పక్కవాడి కంటే పైన నిలబడడం ఇక్కడ మర్యాద కాదు. మొదటి అరగంట అందరూ "మీరు పైకి జరగండి" అంటూ కింది కొసకే జరిగి, పన్నెండు ఇళ్ళవారు రోడ్డు కొసనున్న గోతిలో దిగారు. పైగా వెర్నన్ స్ట్రౌడ్ గారు, ఆయన భార్య మాక్సీన్ గారు వేరువేరు ట్రక్కుల్లో వచ్చి, ఒకరికి తెలియకుండా ఒకరు పద్దెనిమిది స్థానాల ఎడంగా నిలబడ్డారు.

"నువ్వంత పైనెందుకున్నావే?" అని ఆయన అడిగారు.

"కోళ్ళనడుగు" అన్నారు ఆవిడ.

కోళ్ళు కూడా ఇంటివేనని సభ తీర్మానించి ఆవిడ స్థానాన్నే ఖాయం చేసింది.

4. మూడు గంటలకు వరుస కుదిరింది. నడుమ, అనగా యాభై ఏడో స్థానంలో తేలినవారు శ్రీమతి లియోటా ప్రైన్. ఒంటరి మనిషి. పుస్తకాల బస్సు నడిపేది ఆవిడే. జీతం కోర్టు గోడ మీద అంటించే ఉంది: నలభై అయిదు వేల ఆరు వందలు. అనగా పేద కౌంటీకి పుస్తకాలు తెచ్చినందుకు ఇచ్చే జీతం వల్ల ఈ కౌంటీ ఆరు వందల డాలర్ల మేర పేదది కాకుండా పోయింది.

5. బస్సు ఆపితే లియోటా గారు వరుసలో అట్టడుక్కి పోతారు. అప్పుడు నడిమి ఇల్లు మాదవుతుంది. మాది నలభై నాలుగు వేల వంద. వెంటనే కౌంటీకి బస్సు గ్రాంటు వచ్చును. బస్సు వస్తే లియోటా గారు తిరిగి నడుమకు వస్తారు, బస్సు పోవును. తమరు ఏటేటా ఆపుతూ పంపుతూ ఉండవలసివచ్చును. ఈ శ్రమ తమకు కలగరాదనియే నా మనవి.

కనుక తల్లి ఆవులను ఆదాయం నుంచి తీసివేసి, పై ఆరు వందలను చూసీ చూడనట్టు వదిలి, బస్సును కొనసాగించగలందులకు ఈ అర్జీని పూర్తిగా, అయిదో అంశం రెండుసార్లు, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
టెస్సా కుబిచెక్

తా.క.: సార్, జీతంలో ఆరు వందలు కోసేయమని లియోటా గారే వెళ్ళి అడిగారట. అది కౌంటీ బోర్డు సమావేశంలో తేలాలి, జనవరి దాకా కుదరదన్నారట. నిన్న ఆవిడ ఆఖరి ట్రిప్పుకి వచ్చి, రూలుకి విరుద్ధంగా మిగతా అయిదు సంపుటాలూ ఒకేసారి నా చేతుల్లో పెట్టారు. "ఇవన్నీ తిరిగెలా ఇవ్వనండీ, బస్సే రాదు కదా?" అన్నాను. "అది నీ బాధ కాదమ్మాయ్, వాళ్ళ బాధ" అని, ఒక్కోదాని మీద తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర కొట్టి ఇచ్చారు. అన్నిటికీ ఒకటే తేదీ, వచ్చే నెల పద్నాలుగు, గురువారం. ఆ రోజు అయిదూ మోసుకొచ్చి రోడ్డు మలుపులో నిలబడతాను. అవి గవర్నమెంటు పుస్తకాలు సార్. తీసుకెళ్ళడానికి ఎవరినైనా పంపాలి కదా.