ఫ్లాస్కులో అమ్మ

అక్కకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ మరిది, పిల్ల కులాసా. మీ మరిది ఈ కవరు నీ చేతికిచ్చి, చదివేదాకా ఎదురుగా కూర్చుంటాడు. కాఫీ అడిగినా పెట్టకు, ముందు చదువు. పోస్టులో వేస్తే గురువారంలోగా అందదేమోనని భయం వేసింది.

నువ్వు కుట్టిచ్చిన తెల్లకోటు ఇంకా చిరగలేదు. మోచేతుల దగ్గర పలచబడిందంతే. పిల్లకి లెక్కలు రావడం లేదన్నది నిజమే. పెద్దమ్మ పోలిక అంటే కోపం తెచ్చుకోకు. ఇక దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్ది పంపమని ఎందుకు అడిగానన్నావు. అది కాస్త ఆగి చెబుతాను.

ఎప్పటిలాగే చివర్లో "అమ్మ ఎలా ఉంది?" అని రాశావు. పన్నెండేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ అదే ప్రశ్న. ఆపరేషన్‌లో తీసిన అమ్మ కణితిలోంచి గోరంత ముక్క మా ల్యాబ్‌కి తెచ్చి, ఆ కణాలను ఫ్లాస్కులో బతికించానని చెప్పినప్పుడు, అమ్మ పోయిన దుఃఖంలో కూడా నువ్వు నవ్వావు. "అయితే మనిషి పూర్తిగా పోలేదన్నమాట. అమ్మకి తిండి సరిగ్గా పెట్టవే" అన్నావు. వాటికి గులాబీరంగు ద్రవం పోసిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

మొదటి ఏడాది అవి అచ్చం అమ్మలాగే నిదానం. అమ్మ తయారై గుమ్మం దాటేసరికి మన బస్సు వెళ్ళిపోయేది చూడు, అలాగ. ఫ్లాస్కు నిండడానికి పదిరోజులు పట్టేది. తర్వాత ఒకసారి సెలవులనుంచి తిరిగొచ్చి చూస్తే, రెండు రోజులకే నిండిపోవడం మొదలైంది. నేను గంతులేశాను. మా ల్యాబ్ పెద్ద సారు కేకు తెప్పించారు. ఆ కణాలను చంపే మందు కోసం ఏళ్ళ తరబడి వెతికి, చివరికి ఒకటి పట్టుకున్నాను. నా పేరూ ఉద్యోగమూ అన్నీ ఆ మందు పెట్టిన భిక్షే. అమ్మ జబ్బే నీకూ వచ్చిందని తెలిసినప్పుడు, బావ వద్దంటున్నా బతిమాలి ఆ మందు పరీక్షలో నిన్ను చేర్పించింది నేనే. గురువారం నీకు మొదటి డోసు.

నాలుగేళ్ళ క్రితం మా టెక్నీషియన్ మైక్రోస్కోపులోంచి తలెత్తి, "మేడమ్, ఇవి పక్క అరలో పెంచే వేరే మనిషి కణాల్లాగే కనిపిస్తున్నాయండీ. ఎందుకైనా మంచిది, ఒకసారి డిఎన్ఏ చూపిద్దామా?" అంది. "ముందు నీ కళ్ళజోడు మార్పించుకోవమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అనుమానం ఆ రోజే వచ్చిందక్కా. ఎవరికీ చెప్పలేదు.

మందు పరీక్షకు నీ పేరు ఖాయమైందని నువ్వు చెప్పాక మాత్రం అన్నం సహించలేదు. అందుకే ఆ దూదిపుల్ల. నీ డిఎన్ఏ, నాది, ఫ్లాస్కులోది పక్కపక్కన పెట్టి చూశాను. ఆ కణాలకు మనతో ఏ చుట్టరికమూ లేదు. అవి ఎప్పుడో చనిపోయిన ఎవరో మనిషివి. జబ్బు కూడా వేరు. ఆ రోజుల్లో తొందరకొద్దీ రెండు రకాలకీ ఒకే సీసాలోంచి ద్రవం పోసేదాన్ని. పక్క అర కణాలు కలిసిన ఒక్క చుక్క చాలు. వేగంగా పెరిగే అవి అమ్మవాటికి తిండి దక్కకుండా చేసి చంపేశాయి.

ఫలితం వచ్చి తొమ్మిది రోజులైంది. ఈ మధ్యలో నీతో రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను. రక్తపరీక్షల వరసలో ఇద్దరు చంటిపిల్లల తల్లితో స్నేహం కలిసిందని సంబరంగా చెప్పావు. ఊఁ కొట్టి పెట్టేశాను. నీ చెల్లెలు ఇంత పిరికిదని నాకే తెలియదు.

ఆ మందు మన జబ్బు మీద పనిచేస్తుందనడానికి నా దగ్గర ఆధారం లేదు. కాలేయాన్ని దెబ్బతీస్తుందనడానికి ఉంది. నిన్న పెద్ద సారు ముందు కాగితాలన్నీ పెట్టాను. "గురువారం కానివ్వమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. రోగుల భద్రత చూసే కమిటీకి రాశాను. వాళ్ళు వచ్చే నెలగానీ కూర్చోరట. ఇవాళ పొద్దున నా తాళంచెవికి ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు.

నీతోపాటు ఇంకా ముప్ఫైమంది ఉన్నారు. వాళ్ళ పేర్లూ ఊళ్ళూ ఆస్పత్రి నాకు చెప్పదు. నీకు వాళ్ళు ముఖాలతో సహా తెలుసు. అందుకే గురువారం మానకుండా వెళ్ళు. మందు మాత్రం తీసుకోకు. నీ పాత డాక్టరు చెప్పిన పాత వైద్యం ఉంది, అది వెంటనే మొదలుపెట్టించుకో. ఆ వరసలో నిలబడి, మొదట ఆ చంటిపిల్లల తల్లికి, తర్వాత అందరికీ వినపడేలా ఈ ఉత్తరం చదువు. నా పిరికితనం గురించి రాసింది కూడా వదలకు. డిఎన్ఏ కాగితాలు వెనక కుట్టాను.

అమ్మ ఎలా ఉందని అడిగావు కదా. అమ్మ లేదక్కా. పదకొండేళ్ళ క్రితం ఆ సెలవుల్లో, నేను ఊళ్ళో లేనప్పుడు, రెండోసారి పోయింది. అప్పటినుంచీ బాగుందని నీకు రాసింది ఎవరి గురించో నాకు తెలియదు.

ఇట్లు,
ఈ ఒక్కసారైనా నిజం రాసిన
నీ చెల్లెలు