పదకొండు చిల్లులు

మార్చి 19, సాయంత్రం 6 గంటలు

సిగ్గుపడుతూ రాస్తున్నాను.

నాలుగున్నరకు బంట్వారం వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. రేకు మీద ఒక రాయి పడింది. వెంటనే మరొకటి. కొంత విరామం తర్వాత ఒక పెద్దది. లఘువు, లఘువు, గురువు అని చెవి దానంతట అదే విడదీసింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు గణవిభజన నేర్పిన చెవి కదా. పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. ‘కప్పు చిల్లి పడెను గాలివానల వేళ’ అని ఒక పాదం కుదిరింది. యతి కూడా సరిపోయింది. చిల్లి నిజంగా పడిందో లేదో లేచి చూడలేదు.

పాదం పూర్తయ్యాక తలెత్తితే మా ఆవిడ రాహేలు మంచం ఖాళీగా ఉంది.

గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, మూలనున్న రోకలి తడిమి తీసుకుని, వాకిట్లోకి విసరడానికి పోయింది. రాళ్లవాన పడితే రోకలి బయట వేయాలన్నది వాళ్లమ్మ ఆచారం. కింద దంచేవాళ్లు కూడా ఉన్నారని మబ్బుకు తెలియాలట. చర్చి సంఘపెద్ద ఇంట్లో ఇదేమి పని అని ప్రతిసారీ మందలించేవాణ్ణి. అందుకే ఈసారి నాకు చెప్పకుండా వెళ్లింది. నిమ్మకాయంత రాయి నుదుటికి తగిలింది.

కట్టు కట్టాను. గాయం లోతు లేదు. రోకలి ఏసిన, ఆగిందా లేదా చెప్పు సారూ అని అడిగింది. ఎత్తిపొడవాలనుకున్నప్పుడు ఊరివాళ్లలాగే ఆమె కూడా నన్ను సారు అంటుంది. ఆగింది అన్నాను. అబద్ధం కాదు.

మార్చి 20

వంటిల్లు, వెనక గది స్లాబు. ముందు గది ఒక్కటే సిమెంటు రేకులు. వాటికి పదకొండు చిల్లులు పడ్డాయి. పరుపు తడిసింది. పొద్దున్నే వికారాబాదు నుంచి కృపారాణి ఫోన్ చేసింది. మా అమ్మాయి నర్సు. ఆజ్ఞాపించడం ఆమె వృత్తిలో భాగం. డాడీ, రేకుల ముక్కలు పొడిగ ఊడ్వకు, ఆ దుమ్ము పీలిస్తే మంచిది కాదు, మాస్కు కట్టుకో, నీళ్లు చల్లి తడిబట్టతోని తియ్యి, తీసే ముందు అన్నిటికీ ఫోటోలు తియ్యి, నువ్వు మాత్రం నిచ్చెన ఎక్కితే నేను బస్సెక్కి వస్త అన్నది. నిచ్చెన ఎక్కలేదు. మిగతావన్నీ చేశాను.

పది దాటాక వింత జరిగింది. పదకొండు చిల్లుల నుంచి పదకొండు వెలుగుపుల్లలు దిగి, తాండూరు బండల మీద చుక్కలై నిలిచాయి. నిలిచాయి అనడం తప్పు. నడుస్తున్నాయి, నీళ్లు తాగడానికి మెల్లగా పోయే మందలా. రాహేలుకు గ్లాకోమా. పోయిన చూపు రాదని, మిగిలింది సన్నని గొట్టంలోంచి చూసినంతేనని డాక్టరు నిరుడే చెప్పాడు. ఈ గది ఆమెకు ఏడాదిగా బూడిద రంగు. ఆమె మంచం మీద కూర్చుని అరచేయి చాచింది. ఒక చుక్క వచ్చి అందులో వాలింది.

కనవడ్తున్నది అన్నది. చాలాసేపు చేయి తీయలేదు.

మార్చి 21

ఇవాళ ఏడు లెక్కపెట్టింది.

మార్చి 23

రేకులు వేసే అంజిలయ్య వచ్చాడు. ఒకప్పుడు నా శిష్యుడు. వాళ్ల నాన్న గొర్లు కాసేవాడు. వాసాల మీద అడ్డంగా చెక్కపలక వేసుకుని, దాని మీదే పాకుతూ చూశాడు. రేకు మీద కాలు పెడితే మీ మంచం మీదికే దిగుత సారూ అన్నాడు. సిమెంటు ముద్ద పెట్టి పూడిస్తే చాలదా అంటే నవ్వాడు. ఎండకు పగిలి మొదటి వానకే ఊసిపోతది, మొత్తం మార్చాలె అన్నాడు. ఛందస్సు రాలేదని నాతోని గోడకుర్చీ ఏపిచ్చిన్రు, ఇప్పుడు రేకుల సంగతి మీకు రాదు, నేనేం చెయ్యాలె మరి అని కూడా అన్నాడు. నిజంగానే రెండు క్షణాలు గోడకు ఆనుకున్నాను.

లోపలి నుంచి రాహేలు కేకేసింది. నా రేకులు ముట్టొద్దు అంజిలయ్యా అని.

మార్చి 26

ఫోన్‌లో ఎల్లో అలర్ట్. వారాంతంలో మళ్లీ ఈదురుగాలులు, వడగండ్లు. అంజిలయ్య రేకుల మీద టార్పాలిన్ పరిచి, మూలలు వాసాలకు కట్టి పోయాడు. మధ్యాహ్నం పన్నెండుకే గదిలో చీకటి. రాహేలును స్లాబు గదిలోకి మార్చాను. పొద్దు గూకిందా అని అడిగింది. లేదన్నాను. గంట తర్వాత మళ్లీ అడిగింది. అన్నం సగం వదిలింది.

కప్పు గట్టిగా ఉంటే మనిషి క్షేమంగా ఉంటుందని పెళ్లినాటి నుంచీ నమ్మాను. ఇవాళ రెండూ వేరైపోయాయి. కప్పు మూస్తే ఆమెకు మిగిలిన కాస్త వెలుగు పోతుంది. మూయకపోతే మరో రాయి ఆమె మీదే పడవచ్చు. చదివినవన్నీ తలచుకున్నాను. శ్లోకాలూ, కీర్తనలూ, వ్యాఖ్యానాలూ. ఒక్కటీ రేకు సంగతి చెప్పదు.

మార్చి 19 నాటి పాదం కొట్టేశాను.

మార్చి 28

అంజిలయ్య తాండూరు నుంచి అద్దంలా కనబడే ప్లాస్టిక్ రేకులు తెచ్చాడు. వాకిట్లో ఒకటి ఆనించి, దాని మీద రాయి విసిరి చూపించాడు. వంగుతది గాని పగలదు అన్నాడు. పాతవి తీసి ఇవి వేస్తే గదంతా వెలుగేనని నేను సంబరపడ్డాను.

రాహేలు ఒప్పుకోలేదు. గంత వెలుగైతే నాకు మళ్లీ బూడిదనే, చీకట్ల చుక్క అయితేనే దొరుకుతది అన్నది. ఉపాయం కూడా ఆమే చెప్పింది. జల్లెడ మీద మూత పెడితే జల్లెడ బొక్కలు యాడికి పోతయి, పాతవి ఉండనీ, కొత్తవి వాటి మీద పరుచు అని.

ఇరవై ఏండ్ల సంది రేకులేస్తున్న, బొక్కలు దాచిపెట్టుమన్నది నువ్వొక్కదానివే అమ్మా అని అంజిలయ్య పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, చిల్లుల అంచుల్లో ఊగుతున్న పెచ్చులను తడిపి ఊడదీశాడు. పైన కొత్త రేకులు పరిచి, వాషర్లతో స్క్రూలు బిగించి, అంచులకు టేపు అంటించాడు.

మూడు గంటలకు చుక్కలు తిరిగి వచ్చాయి, ఏమీ జరగనట్టు. రాహేలు మంచం మళ్లీ ముందు గదిలోకి వచ్చింది. మొదటి రాయి చప్పుడు కాగానే వెనక గదిలోకి రావాలని ఒప్పించాను.

మార్చి 31, సాయంత్రం 5 గంటలు

వచ్చింది. మొదటి రాయికే పెన్సిల్ కాదు, రాహేలు చేయి పట్టుకున్నాను. స్లాబు కింద కూర్చోబెట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి రోకలి తెచ్చాను. గుమ్మంలోనే నిలబడి, సంఘపెద్దను నేనే, వాకిట్లోకి విసిరాను. బండ మీద పడి మోగింది.

లోపలి నుంచి ఆమె నవ్వింది. గిది లఘువా, గురువా సారూ అని అడిగింది.

తెలియదు అన్నాను. కొత్త రేకులు పావుగంట దద్దరిల్లాయి. ఒక్క బొట్టు లోపలికి రాలేదు.

ఏప్రిల్ 1, ఉదయం

రాహేలు ఇవాళ పన్నెండు లెక్కపెట్టింది. నాకు పదకొండే కనబడుతున్నాయి. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూడాలి.