మీ బాపు కొన్న జాతి గుర్రం

నాందేడ్, వజీరాబాద్,
20 ఏప్రిల్ 1974.

చిరంజీవి నందకిషోర్‌కు అమ్మ వేయి దీవెనలతో రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం రివాజు కాబట్టి రాశాననుకో. నిజంగా క్షేమంగా ఉన్నవి కొట్టంలో ఉన్న రెండు గుర్రాలే. మనుషుల సంగతి నిదానంగా చెబుతాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

నీ ఉత్తరం మూడు పేజీలు. అందులో నా మోకాళ్ల గురించి ఒక్క ముక్క, మిగతాదంతా గుర్రాల జాతులు. పశువైద్యం చదివే కొడుకును కన్నందుకు నాకు దక్కవలసిందే. మీ బాపు కొన్న గుర్రం ఏ జాతిదో గుర్తులు చూసి రాయమన్నావు. నీ పాఠాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను.

బొంబాయి రేసు గుర్రాల గురించి ఎంతో మురిసిపోతూ రాశావు. పలచని చర్మం, కొంగ కాళ్లు, రెండేళ్లకే పందేలకు దించుతారు, కాగితం ముక్క ఎగిరినా బెదురుతాయి. ఉలవల బస్తా బండికి కడితే సాయంత్రానికి జ్వరం తెచ్చుకునే దాన్ని జాతి అంటారా, జబ్బు అంటారా? తెల్లదొరలు పోతూ పోతూ మనకు వదిలేసిన వాటిలో అదొకటి.

అరబ్బీని నేనేమీ అనను. లోపలికి నొక్కినట్టుండే ముఖం, పెద్ద కళ్లు, ఎత్తి పట్టిన తోక, ఎంత దూరం పోయినా అలుపు లేకపోవడం, అన్నీ నిజమే. కానీ నాందేడ్‌లో బక్కచిక్కిన ప్రతి గుర్రం యజమానీ దాని ముత్తాత అరబ్బీ అనే చెబుతాడు, ఆ అరబ్బీకి మరాఠ్వాడా తిరగడం తప్ప వేరే పని లేనట్టు. ఇక పంజాబు నుంచి వచ్చే నుక్రా. తెల్లని ఒళ్లు, కింద గులాబీ రంగు చర్మం. పెండ్లికొడుకులకు అదే కావాలట. మన ఎండకు దాని ముక్కు పొక్కి తోలు ఊడుతుంది. మీదున్న పెండ్లికొడుకు అంతకంటే అందంగా ఉండడు గనుక ఎవరూ గమనించరు. మంచు కొండల పొట్టి గుర్రాలనూ వదల్లేదు నువ్వు. స్పితి, భూటియా, జన్‌స్కరీ. లావు మెడ, ఒంటినిండా బొచ్చు, ఇరుకు బాటలో కాలు జారదు. మణిపురి మీద కూర్చుని కర్రతో బంతి కొడతారని కూడా రాశావు. సంతోషం. అవి ఇక్కడికి వస్తే ముందు మంగలిని పిలవాలి.

ఇన్ని రాసిన వాడివి, నిన్ను బడికి మోసిన మన చిమ్ణీ జాతి పేరు రాయలేదు. భీమథడీ నాయనా. భీమా నది ఒడ్డున పుట్టిన జాతి. ఎత్తు నా భుజం దాకా రాదు, గిట్టలు రాయి, ఏది పెడితే అది తింటుంది. మరాఠాల సైన్యాలు వీటి మీదే దేశం తిరిగాయంటారు. ఇప్పుడు టట్టు అని ఒక్క మాటతో తీసిపారేస్తున్నారు. మీ పుస్తకం రాసినవాడు భీమా నది దాటి వచ్చినట్టు లేడు.

మీ బాపు కొన్నది కాఠియావాడి. ఆడ గుర్రం. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుతాయి. మార్వాడీకీ చెవులు అంతే, కానీ అది ఇంకా పొడగరి, కాళ్లు పొడుగు. దీనికి నుదురు వెడల్పు, మూతి చిన్నది, ఎండకూ దప్పికకూ ఓర్చుకుంటుంది. గుర్తులన్నీ సరిపోయాయి. జాతి నిజమైనదే. కొన్నవాడిలోనే కల్తీ ఉంది.

అది మన ఇంటికి ఎట్లా వచ్చిందో విను. పుష్యంలో మాలేగావ్ ఖండోబా జాతరకు మీ బాపు నన్ను దర్శనానికని తీసుకుపోయాడు. దేవుడి దగ్గర చేతులు జోడించి నిలబడ్డది ఎంతసేపో దేవుడికే తెలియాలి. అక్కడ రాధాకిషన్ కలిశాడు. పత్తి దలాలీ చేసే మనిషి, నీకు గుర్తుండే ఉంటాడు, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని తిరుగుతాడు. గుర్రాల వరుసల మధ్య ఆ గొడుగుతో చూపిస్తూ ఇది సింధీ, దీని మీద కూర్చుంటే చేతిలో గిన్నెడు పాలు తొణకవు, ఇది మార్వాడీ, ఇది యుద్ధంలో రౌతును వదిలి పోదు అని చెబుతుంటే, ముప్ఫై ఏళ్లు బట్టలు చించి అమ్మిన మీ బాపు నోరు తెరుచుకుని విన్నాడు. మార్కెట్ కమిటీ ఎన్నికల్లో నిలబడాలని ఆయన మనసు. కారు కొనే తాహతు లేదు. గుర్రమెక్కి బజార్లో తిరిగితే నలుగురూ పెద్దమనిషి అంటారని రాధాకిషన్ నూరిపోశాడు.

ఆ కాఠియావాడి రెప్పలు వాల్చి నిలబడి ఉంది. కింది పెదవి వేలాడుతోంది. ముఖం నిండా ఈగలున్నా తోక కదపలేదు. మా నాయన ధర్మాబాద్‌లో ధాన్యం అడతు దుకాణం నడిపిన రోజుల్లో స్టేషన్ టాంగా గుర్రాలన్నీ మా కొట్టంలోనే కట్టేసేవారు. వాటి మధ్యే పెరిగాను. నల్లమందు తిన్న గుర్రాన్ని చూడగానే పోల్చగలను.

"దీనికి నల్లమందు పెట్టిండ్రు. మత్తు దిగినంక సూడాలె దీన్ని," అన్నాను.

మీ బాపు నా వైపు తిరగను కూడా తిరగలేదు. ఆడవాళ్లకు గుర్రాల సంగతేం ఎరుక అన్నాడు. ఇంత సాధువైన గుర్రం జాతరలోనే లేదని రాధాకిషన్ అన్నాడు. అది చెప్పి గొడుగు మూశాడు, బేరం అయిపోయిందన్నట్టు.

ఇంటికి వచ్చాక మత్తు దిగింది. కొట్టం తడికను ఒక్క తాపుతో కూల్చింది. పాపం దాని తప్పేముంది? ఎక్కడో పుట్టి, మత్తులో నడిచొచ్చి, కళ్లు తెరిచేసరికి మా ముఖాలు కనపడ్డాయి. మనకు గుర్రాలను చూసే పోశన్న సర్ఖని పక్క పల్లెవాడు, నెమ్మది మనిషి. కొన్నాళ్లు జీను వెయ్యొద్దు, చేతితో నడిపించి అలవాటు చేస్తానన్నాడు. జాతి గుర్రాన్ని కూలివాడు నడిపించడమేమిటని మీ బాపు కోప్పడ్డాడు. పైగా జాతి గుర్రం పక్కన టట్టు ఉంటే పరువు తక్కువట, చిమ్ణీని కట్టెలు మోసేవాళ్లకు ఇచ్చేయమన్నాడు. అది పోయిన రోజు నేను ధర్మాబాద్ రైలెక్కుతానని చెప్పాను. ఆయన నమ్మాడు. అందుకే అది ఇంకా మన కొట్టంలో ఉంది.

ఇప్పుడు దాచిపెట్టిన సంగతి. నీకు రాయొద్దని ఆయన ఒట్టు పెట్టించుకున్నాడు. నేను ఒట్టు వేయలేదు, తల ఊపానంతే.

ఉగాది పాడ్వా నాడు పొద్దున్నే పట్టు తలపాగా చుట్టుకుని మీ బాపు ఆ గుర్రమెక్కాడు. పండుగ కదా, ఇంటింటి వాకిట్లో గుడి జెండా ఎత్తారు. కర్రల చివర జరీ చీరలు, బోర్లించిన చెంబులు, వేపకొమ్మలు, గాలికి అన్నీ రెపరెపలాడుతున్నాయి. ఈ రోజు వద్దని పోశన్న కళ్లెం పట్టుకుని బతిమాలాడు. నేను చెప్పలేదు. చెప్పడం మానేసి చాలా రోజులైంది. రాధాకిషన్ ముందు నడిచాడు, గొడుగుతో దారి చేస్తూ. నేను పూజ సామాను కోసం బజార్లోనే ఉన్నాను కాబట్టి అంతా నా కళ్లతో చూశాను. మూలమీది ఇంటి గుడి కర్రకు కట్టిన చీర గాలికి ఊడి గుర్రం ముఖం మీద పడింది. అది రెండు కాళ్ల మీద లేచింది. మీ బాపు చక్కెర పేర్ల దండలు అమ్ముకునేవాడి బల్ల మీద పడ్డాడు. బల్ల విరిగింది, తుంటి ఎముక కూడా విరిగింది. మెడలో రెండు చక్కెర పేర్లు పడ్డాయి, ఎవరో సన్మానం చేసినట్టు.

బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను నందూ. ఎముక విరిగిందని అప్పటికి తెలియదు. కానీ తెలియనందుకు నవ్వానని చెబితే అబద్ధమవుతుంది. మాలేగావ్ నుంచి లోపల అణచిపెట్టుకున్నది ఒక్కసారి బయటికి వచ్చింది. నా నవ్వు ఆయన చెవిన పడింది. అంతమందిలో నా గొంతే గుర్తుపట్టాడు.

రాధాకిషన్ ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. పోశన్న, నేను, ఇంకిద్దరు కలిసి ఆయన్ను చిమ్ణీని కట్టిన టాంగాలో పడుకోబెట్టి దవాఖానాకు తీసుకుపోయాం. దారి పొడుగునా ముఖం మీద కండువా కప్పుకున్నాడు. దవాఖానాలో కాలుకు బరువు కట్టి పడుకోబెట్టిన తర్వాత ఒకే ఒక మాట అడిగాడు.

"నువ్వు నవ్వినవా?"

"నవ్విన."

తర్వాత ఎన్నో రోజులు నాతో మాట్లాడలేదు. గంజి తాగిస్తుంటే కళ్లు మూసుకునేవాడు. మొన్న ఇంటికి తెచ్చుకున్నాం. వానాకాలం దాకా మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు. నిన్న పొద్దున నన్ను పిలిచి నీకు ఉత్తరం రాయమన్నాడు. గొడ్ల చదువు ఇక చాలు, కాలేజీ మానేసి వచ్చి దుకాణంలో కూర్చోమని. దెబ్బ సంగతి మాత్రం రాయొద్దు, బేరాలు పెరిగినయని రాయమన్నాడు. దేశమంతటి గుర్రాలూ జాతులూ తనకు కావాలి గానీ, వాటికి వైద్యం చదివే కొడుకు మాత్రం ఇప్పటికీ గొడ్ల డాక్టరే.

ఆయన చెప్పమన్నది చెప్పేశాను. ఇప్పుడు నేను చెప్పేది విను. రావద్దు. ఇంకొక్క ఏడాది చదువు. ఆయన ఇంకెవరితోనైనా ఉత్తరం రాయించినా, తంతి కొట్టించినా రావద్దు. తండ్రిని చూడాలనిపిస్తే సెలవులకు వచ్చి చూసి పో. ఆదివారం దుకాణం నేను తెరిచాను. మన వంశంలో ఆడది దుకాణం గద్దె మీద కూర్చోలేదు, నిజమే. పక్క దుకాణాల సేఠ్‌లు ముందు వింతగా చూశారు, తర్వాత మర్యాదగా చూశారు, ఇప్పుడు నా ధరలెంతో కనుక్కురమ్మని మనుషులను పంపుతున్నారు.

గుర్రం సంగతి కూడా రాస్తాను. రాధాకిషన్ చివరికి తేలాడు, పరామర్శకు కాదు, ఆ గుర్రాన్ని పెండ్లి బ్యాండువాళ్లకు ఇచ్చేయమని చెప్పడానికి. గుమ్మంలోనే ఆపాను. అది ఇక్కడే ఉంటుందని, మీరు ఇక రానక్కరలేదని చెప్పాను. గొడుగు తెరుచుకుని పోయాడు. పోశన్న కొట్టంలో నా పాత చీర ఒకటి తాడు మీద ఆరేసి ఉంచుతున్నాడు. దాన్ని చూసి గుర్రం మొదట వణికేది, ఇప్పుడు దాని కొంగు నములుతోంది. జాతుల పాఠం చాలు గానీ, గుర్రాలకు భయం పోగొట్టే పాఠమేదైనా మీ పుస్తకంలో ఉంటే అది రాయి.

నేను దుకాణంలో కూర్చున్న సంగతి మీ బాపుకు ఎవరో చెప్పారు. నిన్న సాయంత్రం నేను ఇంటికి రాగానే మంచం మీద నుంచే అడిగాడు.

"ఆడిది గద్దె మీద కూసుంటే మంది నవ్వరా?"

"నవ్వుతున్నరు. బేరం గూడ చేస్తున్నరు."

గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. నేను వంటకు లేచాను. కాసేపటికి గోడతో మాట్లాడినట్టు ఏమేం అమ్ముడుపోయాయని అడిగాడు. చెప్పాను. కొత్త మిల్లు చీరలు చూపించానని, ఎవరూ ముట్టుకోలేదని కూడా చెప్పాను.

"పెండ్లిళ్ల దినాలు," అన్నాడు. "గవ్వి ఎనకకు జరుపు. నారాయణపేట చీరెలు ముందల పెట్టు. మడత ఇప్పి పెట్టు, అంచు కండ్ల వడాలె."

ఈ మాట రాధాకిషన్ చెప్పింది కాదు. బట్టల విషయంలో ఆయన చెప్పింది ఎప్పుడూ తప్పలేదు, అది నేను కాదనలేను. ఇవాళ పొద్దున పోగానే మడత విప్పి పెట్టాను. మధ్యాహ్నం లోపల ముందు వరుస ఖాళీ అయింది. ఇంటికి పోయి ఆయనకు ఆ సంగతి చెప్పాలి. దుకాణం మూసే వేళయింది, ఇంతటితో ముగిస్తాను.

ఇట్లు,
గద్దె మీద నుంచి
మీ అమ్మ,
లీలాబాయి