పైకప్పు లేని చర్చి

ఆదివారం రాత్రి

మదనపల్లె ఆసుపత్రిలో చెల్లెలికి ఏడో నెలకే పాప పుట్టింది. మూడు రోజులుగా అద్దాల పెట్టెలో ఉండాది. "అక్కా, మీ ఐర్లాండులో పాత చర్చి ఉండాదంటివే. పాప కోసం ఒక కొవ్వొత్తి ఎలిగించు" అని పొద్దున ఫోన్లో అడిగింది.

ఈరోజు డ్యూటీ లేదు. బస్సెక్కి ఆ చర్చి ఉండే పల్లెకు పోయినాను. ఎప్పటిదో రాతిచర్చి, గోడలే మిగిలుండాయి, పైకప్పు లేదు. అగ్గిపెట్టె అయిపోయింది గానీ ఆ గాలికి వత్తి అంటుకోలేదు. అంతలో చెల్లెలే ఫోన్ చేసింది.

"ఎలిగించినావా?"

"ఎలిగించినానమ్మా."

"అందుకేనక్కా, పాప కాలు ఒకటే పనిగా ఆడిస్తాండాది."

నేనీడ నర్సుగా చేసేది పసిబిడ్డల వార్డులోనే. అట్ల ఆడితే ఫిట్స్ కావచ్చు.

"డాక్టరును పిలిచి చూపించు, ఇప్పుడే" అన్నాను.

"యాల అక్కా, ఏమైంది?"

"ముందు పిలువు పో" అని ఫోన్ పెట్టేసినాను. అప్పటి నుంచి చేస్తానే ఉండాను, ఫోన్ తీయడం లేదు.