పీటల మీద ఎవరు

తెనాలి,
డిసెంబరు 3

బాబాయ్‌కి,

నాలుగు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నా పెళ్ళికి వేరే ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకున్నానని నాన్న చెబితే, "నా కెమెరా అక్కర్లేనివాళ్ళకి నేనూ అక్కర్లేదు" అన్నావట. ఏం జరిగిందో వరసగా చెబుతాను. చదివాక కోప్పడు.

ముగ్గురిని చూశాను. తెనాలిలో ఒకాయన పది ఆల్బమ్‌లు ముందు పెట్టాడు. ఒకే పెళ్ళి మొదటి నుంచి చివరిదాకా చూపించమంటే, "అలా ఎవరూ అడగరమ్మా" అన్నాడు. మీ బాపట్లలో ఒకతను సూర్యలంక సముద్రం దగ్గర నన్నూ పెళ్ళికొడుకునీ పరుగెత్తించి ఫోటోలు తీస్తానన్నాడు. పెళ్ళిరోజు సంగతి అడిగితే డ్రోన్ గురించి చెప్పాడు. మూడో మనిషి రేపల్లెలో స్నేహలత. ముందు నాకు ఒక పెళ్ళి మొత్తం చూపించింది, మసకగా వచ్చినవి కూడా తీసెయ్యకుండా. తర్వాత కాగితం ఇచ్చి, "తప్పిపోకూడని మనుషుల పేర్లు రాయండి. ఏ ఘట్టంలో ఎవరెక్కడ ఉంటారో కూడా రాయండి" అంది.

రాశాను. కన్యాదానం దగ్గర నీ పేరూ పిన్ని పేరూ రాశాను. అమ్మ పోయి పన్నెండేళ్ళు. నాన్న ఒక్కడే పీటల మీద కూర్చోకూడదని పంతులుగారు ముందే చెప్పారు. ఆమె కాగితం చూసి, "మీ బాబాయిగారు ఫోటోగ్రాఫరేనన్నారు కదండి. ఆయనుండగా నన్నెందుకు పెట్టుకుంటున్నారు?" అని అడిగింది.

ఆ రాత్రి దీప్తి అక్క పెళ్ళి ఆల్బమ్ తీశాను. నాలుగు వందల పన్నెండు ఫోటోలు. నువ్వు ఒక్కదాంట్లోనూ లేవు. పిన్ని ఒక్కదాంట్లో ఉంది, అంచున, సగం భుజం. కాళ్ళు కడిగింది మధుసూదన్ మామయ్య, నీళ్ళు పోసింది అత్తయ్య. అమ్మ పోయాక మమ్మల్ని మీ ఇంట్లో ఉంచుకుని, జడలు వేసి బడికి పంపింది పిన్ని. స్కూల్లో సంతకాలు పెట్టింది నువ్వు. ఈ ఇంటి ఫోటోల్లో మీ ఇద్దరూ లేరు.

నీ పనితనం తక్కువని కాదు. కెమెరా పట్టుకున్నవాడు పీటల మీద కూర్చోలేడు. అందుకే ఆమెను పెట్టుకున్నాను. ఇందులో మార్పు లేదు.

నీ
వీణ


బాపట్ల,
డిసెంబరు 9

చిరంజీవి వీణకు,

నీ ఉత్తరం మీ పిన్ని కంటపడకుండా స్టూడియోలోనే చదివాను. ఆ రేపల్లె అమ్మాయి పని తెలిసిన మనిషే. పేర్ల కాగితం నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. ఆమె మీద నాకు కోపం లేదు, నీ మీదా లేదు. మీ నాన్నతో అన్న ఆ కెమెరా మాట ఒట్టి సాకు. ఫోన్‌లో నీతో అబద్ధం ఆడలేక ఎత్తలేదు.

దీప్తి పెళ్ళికి ఫోటోలు తీయాల్సింది నేను కాదు. నా దగ్గర పనిచేసే ఫ్రాన్సిస్‌కి అప్పగించాను. మీ నాన్న నన్నూ పిన్నినీ కూర్చోమన్నాడు. పిన్ని పట్టుచీర కట్టుకుని తయారైంది. ముహూర్తానికి గంట ముందు మీ అమ్మమ్మ సుగుణమ్మగారు లోపలి గదిలో మధుసూదన్‌తో, "పిల్లల్లేనివాళ్ళ చేత కాళ్ళు కడిగిస్తే పిల్ల కడుపు పండుద్దా? నువ్వూ నీ పెళ్ళామూ కూర్చోండి" అంది. పిన్ని తలుపు పక్కనే నిలబడి ఉంది.

తన వెనకే ఉన్న నాకూ వినబడింది. తను చీర మార్చుకుని వంటల వైపు వెళ్ళిపోయింది. నేను ఫ్రాన్సిస్ మెడలోంచి కెమెరా తీసి నా మెడలో వేసుకున్నాను. కెమెరా ఉన్నవాడిని పీటల మీదికి ఎవరూ పిలవరు. ఎందుకు కూర్చోలేదని కూడా అడగరు. మీ నాన్న అడిగితే, "ఫ్రాన్సిస్‌కి చేతకావట్లేదు అన్నయ్యా" అన్నాను. ఆ రోజు నుంచి మన చుట్టాల పెళ్ళిళ్ళన్నిటికీ అలాగే వెళుతున్నాను. పిన్ని ఎక్కడికీ రావడం లేదు.

ఫోటోలు స్నేహలత చేతే తీయించుకో. నేను ఆమె పక్కన లైటు పట్టుకుని నిలబడతాను. పిన్నిని మాత్రం పీటల మీదికి లాగకు. ఆ మాట రెండోసారి తన చెవిన పడకూడదు. నాన్నకి చెప్పకు.

ఆశీస్సులతో
శేషగిరిరావు


తెనాలి,
డిసెంబరు 15

బాబాయ్‌కి,

నాన్నకి చెప్పాను. నువ్వు వద్దన్నావు, అయినా చెప్పాను.  "వాడు ఫ్రాన్సిస్ పేరు చెబితే నమ్మాను" అన్నాడు.

నిన్న నందివెలుగు వెళ్ళాను. అమ్మమ్మ అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆ మాట అన్నావా అని అడిగాను.

"అన్నాను. అయితే ఏంటంట? ఆడపిల్ల బాగుండాలనేగా!"

"నా పెళ్ళికి వాళ్ళే కూర్చుంటారు అమ్మమ్మా."

"అట్టయితే నేను రాను."

"రాకపోతే నీ ఇష్టం. పేర్ల కాగితంలో కొట్టేస్తాను."

"ఏం కాగితమే? పెళ్ళికూతురివా, కరణానివా?"

నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. అడగాలనుకున్నది అడిగేశాను. "మామయ్యకి ముగ్గురు పిల్లలు. ఆయనే అక్క పెళ్ళికి కాళ్ళు కడిగాడు. ఎనిమిదేళ్ళయింది, అక్కకి పిల్లల్లేరు. రేపు నాకు కూతురు పుట్టి, అప్పటికి నేను లేకపోతే, దాని పెళ్ళికి అక్కా బావా కూర్చుంటామంటే, వాళ్ళనీ లేపేస్తావా?"

చిక్కుడుకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది. దీప్తి ఆమెకు మొదటి మనవరాలు, చిన్నప్పుడు తన చేతుల్లో పెరిగింది. పళ్ళెం పక్కకి నెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఓదార్చలేదు. నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను.

చివరికి, "నేనే వెళ్ళి చెప్పాలంటావా?" అంది.

"చెప్పాలి. పెళ్ళిలో కాదు, ముందే. పిన్ని ఇంటికి వెళ్ళి."

"అది తలుపు తీస్తదా?"

"తెలీదు."

నాకు నిజంగా తెలీదు బాబాయ్. గురువారం పొద్దున అమ్మమ్మని తీసుకుని బాపట్ల వస్తున్నాను. ఎందుకొస్తున్నామో ఈ ఉత్తరం చూపించి పిన్నికి ముందే చెప్పు, ఈసారి దాచకు. తలుపు తీయడం, తీయకపోవడం తన ఇష్టం. తీయకపోతే అమ్మమ్మని వెనక్కి తీసుకెళ్ళిపోతాను, పిన్నిని ఒక్క మాట అడగను.

ఇంకో సంగతి. స్నేహలత ఫోన్ చేసి, కాగితంలో మార్పులేమైనా ఉన్నాయా అని అడిగింది. కన్యాదానం దగ్గర ఏ మార్పూ లేదని చెప్పాను.

మీ ఇద్దరి కూతురు
వీణ