ట్యూబు గోడకు అంటుకున్నది

మార్చి 4, ఉదయం 8
అక్క శాంపిల్ ఇచ్చింది. పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. నడుం దగ్గర వెన్నులో సూది. చుక్కలు పన్నెండు దాకా లెక్కపెట్టి మానేశాను. నీళ్లకంటే తేట. మెదడు తేలుతూ ఉండేది ఈ నీళ్లలోనే. రోజుకు మూడు నాలుగుసార్లు కొత్తగా ఊరతాయి. అంటే నా చేతిలో ఉన్నది ఇవాళ పొద్దుటి అక్క.

మతిమరుపు జబ్బు మీద మా ల్యాబ్ స్టడీ. పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాలలేదంటే తనే వచ్చింది. అమ్మ చివరికి మన ముఖాలు కూడా మర్చిపోయి చనిపోయింది కదా, ఆ జబ్బు మీద పగ తీర్చుకుంటున్నానే అంది.

మార్చి 5
ఎండ వచ్చి ట్యూబుల్లో కూర్చుంది. పని మానేసి చూస్తూ ఉండిపోయాను.

మార్చి 19
రిపోర్ట్ వచ్చింది. పేర్లుండవు, నంబర్లే. అక్క నంబర్ అతికించింది నేనే. మేం కొలిచే ప్రొటీన్ బాగా తక్కువ. ఈ జబ్బులో అది మెదడులోనే పేరుకుపోయి, నీళ్లలో తగ్గిపోతుంది.

మార్చి 20, ఉదయం 6
కలలో అక్క ఒక గాజుగదిలో ఈదుతోంది. గోడ తాకినప్పుడల్లా కాస్త అక్కడే ఉండిపోతోంది. నవ్వుతూనే ఉంది.

దిగ్గున లేచాను. అక్క శాంపిల్ ఇచ్చిన వారం, వాడాల్సిన ట్యూబులు అయిపోయాయి. ఏవైతేనేం అని మామూలు ప్లాస్టిక్ వాటిలో పట్టి, సరైనవి వచ్చాక వాటిలోకి ఒంపాను. లాగ్‌బుక్‌లో ఒక్క ముక్క రాయలేదు. ఆ ప్రొటీన్ మామూలు ప్లాస్టిక్‌కు ఇట్టే అంటుకుంటుంది. ఒంపితే కొంత గోడకే పోతుంది.

ఉదయం 10
ల్యాబ్‌లో రిపోర్ట్ మళ్లీ తీశాను. ఆ వారం ఇచ్చిన తొమ్మిదిమందికీ తక్కువే! ఎగిరి గంతేశాను. తర్వాత సిగ్గేసింది.

మార్చి 21
పెద్ద డాక్టరుగారికి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, అందుకే భయమేసింది. తప్పు ఒప్పుకోడానికి వచ్చావా, మీ అక్కను ఆ జబ్బు నుంచి తప్పించడానికా అని అడిగారు. రెండూనండీ అన్నాను. అందరికీ నువ్వే ఫోన్ చేసి మళ్లీ సూదికి రమ్మను అన్నారు.

మార్చి 23
రిటైరైన బస్సు డ్రైవరొకాయన అరగంట చీవాట్లు పెట్టి, సరే వస్తానన్నాడు. అక్కకు చివర్లో చేశాను. ట్యూబు తప్పంతా నాదే అన్నాను. చిన్నప్పట్నుంచీ నువ్వు పాలు ఒంపితే సగం స్టవ్ మీదే కదే అని నవ్వింది.

ఏప్రిల్ 2, ఉదయం 8
సరైన ట్యూబు. ఒంపేది లేదు. సూది చివర చుక్క కాసేపు ఆగింది. గదంతా అందులో తలకిందులుగా ఉంది, నేను కూడా. అలాగే పడకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఏప్రిల్ 16
తొమ్మిదిలో ఎనిమిది పెరిగాయి.

ఏప్రిల్ 17
రిపోర్ట్ విని, ఈసారి ట్యూబు మంచిదేనా అని అక్క అడిగింది. మంచిదే అక్కా అన్నాను. అయితే రేపు పొద్దున్నే రావే, పాలు ఒంపడం నేర్పిస్తా, నాకు గుర్తుండగానే అంది.